కొండకు వెళ్ళేటప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉండాలి?

మూడేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి కొండకు బయలుదేరినప్పుడు మా కుటుంబం ఒక నియమం పెట్టుకుంది. మేము ఏడుగురం, మా దగ్గర ఉన్నవి ఐదు ఫోన్లు. అయిదింటినీ ఆపేసి, జంతికలు తెచ్చిన స్టీలు డబ్బా ఖాళీ చేసి అందులో వేసి, ఆ డబ్బాను మా అమ్మ ఒళ్ళో పెట్టాం. సాయంత్రానికి డబ్బాలో ఒక్క ఫోను కూడా మిగల్లేదు. అయితే వాటిని ఆడుకోవడానికని ఎవరూ తీయలేదు. రోడ్డు రెండుగా చీలిన చోట దారి చూడడానికి ఒకటి బయటికి వచ్చింది. టీ కొట్టులో చిల్లర లేక డబ్బు చెల్లించడానికి రెండోది, అమ్మ మాత్ర వేసుకునే వేళ గుర్తు చేయడానికి మూడోది, కుంతి గుడి లోపలి చీకట్లో వెలుగు కోసం నాలుగోది, పిల్లల ఫొటో కోసం అయిదోది వచ్చాయి. తీసిన ప్రతి కారణమూ న్యాయమైనదే. కానీ ఏ పని కోసం తీసినా, ఆ పని ముగిసిన తరువాత ఫోను తిరిగి డబ్బాలోకి వెళ్ళలేదు. అరగంటలో ప్రతి ఒక్కటీ కాలక్షేపంగా మారిపోయింది.

దీన్ని మాలో నిగ్రహం లేకపోవడమని అనుకోవడం తేలిక. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. తరువాత మరి మూడు ప్రయాణాలు చేశాక, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాక, తప్పు మనుషులది కాదనీ నియమానిదేననీ నమ్మకం కుదిరింది. ‘తెర లేని సెలవు’ అని ఒక్క మాటలో అనేస్తాం గాని, ఆ మాటలో కనీసం రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. తెర వల్ల మనకు జరుగుతున్న నష్టం సరిగ్గా ఏది అన్నది మొదటి ప్రశ్న. తెరను పక్కన పెడితే అది చేసిపెడుతున్న పనులను ఎవరికి అప్పగించాలి అన్నది రెండోది. ఈ రెంటినీ విడదీయకుండా ఫోన్లు డబ్బాలో వేస్తే, మా అమ్మ ఒళ్ళోని డబ్బాకు పట్టిన గతే ఏ డబ్బాకైనా పడుతుంది.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆరుబయటి సెలవు కోసం దూరాలు పోనక్కరలేదు. ఒక పక్క చిలికా సరస్సు, గోపాలపురం తీరం ఉన్నాయి. ఇంకో పక్క తూర్పు కనుమలు, వంశధార, నాగావళి ఉన్నాయి. రెండు మూడు గంటల ప్రయాణంలో సముద్రాన్నో, సరస్సునో, అయిదు వేల అడుగుల కొండనో చేరగల భాగ్యం మన దేశంలో ఎక్కువ మందికి లేదు. అందుకే ఈ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకునే ఈ రెండు ప్రశ్నలనూ పరిశీలిస్తాను.

తెర వల్ల నష్టం ఒకటి కాదు

పిల్లల విషయంలో తల్లిదండ్రులు చెప్పే ఫిర్యాదులన్నీ ఒక్క మాటగా వినిపిస్తాయి: కళ్ళు పాడవుతున్నాయి, నిద్ర లేదు, చదువు మీద ధ్యాస లేదు, మనిషి పలకరిస్తే తల ఎత్తరు. నిజానికి ఇవి నాలుగు వేరు వేరు సంగతులు. వీటి కారణాలు వేరు, వీటికి ఉన్న సాక్ష్యాల బలం కూడా వేరు.

అన్నింటికన్నా గట్టి సాక్ష్యం కళ్ళ విషయంలో ఉంది, కానీ అది మనం అనుకునే రీతిలో లేదు. దగ్గరి వస్తువులను ఎక్కువసేపు చూడడం ఒక కారణమే అయినా, పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనబడే దోషం) రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా తెచ్చేది పగటి వెలుతురులో గడిపిన సమయమని అనేక దేశాల పరిశోధనలు చూపాయి. ఇంట్లో దీపాల కింద వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్సులకు (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది, ఎండలో పదివేలు దాటుతుంది. ఆ వెలుతురుకు కంటి వెనుక పొర అయిన రెటీనాలో డోపమిన్ అన్న రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా పొడవు పెరగకుండా ఆపుతుందన్నది ఇప్పుడు ఎక్కువ మంది అంగీకరిస్తున్న వివరణ. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో పన్నెండు ప్రాథమిక పాఠశాలల ఒకటో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగం పాఠశాలల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లలను బయట ఉంచారు. మూడేళ్ళ తరువాత చూస్తే ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మిగిలిన బడుల్లో 39.5 శాతం. చిన్న మార్పుకు ఇది పెద్ద ఫలితమే. అయితే ఇందులో రెండు హెచ్చరికలు ఉన్నాయి. బయట గడపడం దోషం మొదలవకుండా కొంత కాపాడుతుంది గాని, ఇప్పటికే వచ్చిన అద్దాలను తీసివేయదు. పైగా ఇది రోజూ జరగవలసిన పని. ఏడాదిలో మూడు రోజులు చిలికా ఒడ్డున గడిపినంత మాత్రాన కళ్ళకు ఒనగూరేది చాలా తక్కువ. కళ్ళ కోసమే అయితే, ప్రతి సాయంత్రం పిల్లలను వీధిలోకి పంపడం ఏ విహారయాత్ర కన్నా మేలు.

నిద్ర సంగతి దీనికి పూర్తిగా భిన్నం, ఇక్కడ కొద్ది రోజులకే తేడా కనిపిస్తుంది. 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని కొలరాడోలో ఎనిమిది మందిని వారం రోజుల పాటు కొండల్లో గుడారాల్లో ఉంచారు. ఫోను లేదు, టార్చిలైటు కూడా లేదు, రాత్రి నెగడు మాత్రమే. నిద్రకు శరీరాన్ని సిద్ధం చేసే మెలటోనిన్ అన్న స్రావం వారిలో సుమారు రెండు గంటలు ముందుగా మొదలైంది. అదే పరిశోధకుల తరువాతి అధ్యయనంలో వేసవిలో ఒక్క వారాంతం బయట గడిపినా శరీరంలోని ఆ నిద్ర గడియారం గంటకు పైగా ముందుకు జరిగింది. రాత్రి తెర వెలుగు ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాదు. పగలు సూర్యుడి వెలుగు విస్తారంగా తగలడం, రాత్రి చీకటి నిజంగా చీకటిగా ఉండడం, ఈ రెండూ కలిస్తేనే వస్తుంది. అందుకే ఫోన్లు ఆపేసి లాడ్జి గదిలో ట్యూబులైటు కింద పదకొండు వరకు కూర్చునే సెలవుకు నిద్ర విషయంలో పెద్ద ప్రయోజనం లేదు. అందరూ ఆరుబయట పగలంతా తిరిగి, ఎనిమిదికి దీపాలు తగ్గించే సెలవుకు ఉంది, ఎవరో ఒకరు దారి కోసం ఫోను చూసినా సరే.

ధ్యాస విషయంలో చిక్కు ఎక్కువ. నాలుగు రోజులు ఏ పరికరమూ లేకుండా అడవిలో నడిచిన తరువాత సృజనాత్మకంగా ఆలోచించే పరీక్షలో సగం మేరకు మెరుగైన ఫలితం వచ్చిందని 2012లో 56 మందితో చేసిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ లాభం అడవి వల్ల వచ్చిందా, పరికరాలు లేకపోవడం వల్ల వచ్చిందా అన్నది విడదీసి చెప్పలేమని ఆ పరిశోధకులే రాశారు. కాలిఫోర్నియాలో 2014 నాటి అధ్యయనం ఇంకొంచెం దగ్గరి విషయాన్ని చూసింది. ఆరో తరగతి పిల్లలు 51 మంది అయిదు రోజులు తెర లేకుండా ఆరుబయటి శిబిరంలో ఉన్నారు. 54 మంది తమ మామూలు జీవితంలో ఉన్నారు. ఎదుటివారి ముఖాన్ని, సైగలను చూసి వారి మనసు గుర్తించడంలో శిబిరంలోని పిల్లలు రెండోవారికన్నా ఎక్కువ మెరుగయ్యారు. ఇక్కడ కూడా అదే చిక్కు: ఆ అయిదు రోజులూ వారు తెరకు దూరంగా ఉండడమే కాదు, తోటి పిల్లలతో ఉదయం నుంచి రాత్రి దాకా కలిసి ఉన్నారు. ఒక తరం పిల్లలందరి మనసునూ ఫోను చెడగొట్టిందన్న మాటకు మాత్రం సాక్ష్యం అంత గట్టిగా లేదు. మూడున్నర లక్షలకు పైగా కిశోరుల సమాచారాన్ని పరిశీలించిన 2019 నాటి విశ్లేషణలో, వారి మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ పరికరాల వాడకంతో ముడిపడింది గరిష్ఠంగా 0.4 శాతం మాత్రమేనని తేలింది. మరీ చిన్నపిల్లల సంగతి వేరు. రెండు నుంచి నాలుగేళ్ళ వయసు వారికి రోజుకు గంటకు మించి తెర వద్దని, ఏడాది లోపు పిల్లలకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది.

ఈ లెక్కలన్నీ చూశాక నాకు అర్థమైంది ఇది. సెలవు రోజుల్లో తెర చేసే అసలు నష్టం, అది పిల్లల మెదడులో ఏదో విషం నింపడం కాదు. అది ఆక్రమించిన చోటులో జరగవలసింది జరగకపోవడమే ఆ నష్టం. పగటి వెలుతురు, రాత్రి చీకటి, ఎదుటి మనిషి ముఖం, తోచకపోవడంలోంచి పుట్టే ఆట, ఇవి జరిగితే తెర దానంతట అదే చిన్నదవుతుంది. ఇవి జరగకపోతే ఫోన్లు డబ్బాలో ఉన్నా సెలవు ఉత్తదే.

ముందుగా దించవలసింది పెద్దలే

బోస్టన్ నగరంలోని ఫలహారశాలల్లో పిల్లలతో వచ్చిన 55 మంది పెద్దలను పరిశోధకులు గమనించగా, 40 మంది భోజనం మధ్యలో ఫోను వాడారని 2014లో ప్రచురించారు. మన బరంపురంలో ఏ హోటల్లోనైనా ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చుని చుట్టూ చూస్తే ఆ లెక్క మనకూ వర్తిస్తుందో లేదో తెలిసిపోతుంది. పిల్లల ఫోను గురించి మాట్లాడే ఇళ్ళలో పెద్దల ఫోనును ‘పని’ అంటారు. పిల్లవాడికి మాత్రం తండ్రి చూస్తున్నది ఆఫీసు ఉత్తరమా, క్రికెట్ స్కోరా అన్నది తెలియదు. తనవైపు చూడని ముఖం ఒక్కటే తెలుస్తుంది. సెలవుకు వారం ముందే పెద్దలు ఆఫీసులో చెప్పి, రోజుకు ఒక్కసారి, ఫలానా వేళ మాత్రమే చూస్తామని నిర్ణయించుకోకపోతే, పిల్లల మీద పెట్టే నియమానికి న్యాయం లేదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను.

కిశోర వయసు పిల్లలకు ఈ నియమం బయలుదేరే రోజు ఉదయం ప్రకటించడం కూడా తగదు. స్నేహితులకు ముందుగా చెప్పుకోవడానికి, తమకు తప్పనిసరి అనిపించే మినహాయింపు ఒకటి అడగడానికి వారికి వ్యవధి ఇవ్వాలి. మొదటి రోజంతా వారు ముభావంగా ఉంటారు. రెండో రోజు మధ్యాహ్నం దాకా కూడా ఉండవచ్చు. ఆ ఖాళీని మనం కబుర్లతో, కార్యక్రమాలతో నింపడానికి తొందరపడకపోతే, దాన్ని వారే ఏదో ఒకదానితో నింపుకుంటారు.

పనిముట్టుకు ఒక చేయి, పనులకు పది చేతులు

ఇక రెండో ప్రశ్న. ఫోను చేసే పనులు విడదీసి చూస్తే, వాటిలో చాలావాటికి ఫోను కన్నా ముందే మనకు వేరే సాధనం ఉంది. వేళకు చేతి గడియారం, చీకటికి టార్చిలైటు, దారికి అచ్చు పటం లేదా ఎదురొచ్చిన మనిషి, చెల్లింపుకు పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు. కొండ ప్రాంతపు సంతల్లో చిల్లర నోట్లకే విలువ ఎక్కువ. రైలు టికెట్టు, బస చీటీ కాగితం మీద అచ్చు తీయించి, అసలు గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోవాలి. ముఖ్యమైన నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 పిల్లలకు కూడా నోటికి రావాలి. ఫొటోల కోసం ఒకే ఒక కెమెరా, అదీ రోజుకు ఒకరి చేతిలో ఉంటే మంచిది. కెమెరా లేకపోతే పెన్సిలూ కాగితమూ చాలు. చూసిన కొంగను గీయబోయిన పిల్ల, ఫొటో తీసిన పిల్ల కన్నా ఎక్కువసేపు ఆ కొంగను చూస్తుంది.

ఇవన్నీ పంచాక మిగిలే పని ఒక్కటే: ఆపద. దానికోసం ఒక ఫోను, ఒకరి చేతిలో, నిండా ఛార్జితో ఉండాలి. ఆ ఒక్కరు ఎవరన్నది ముందే తేల్చుకోవాలి, రోజు మారినా మనిషి మారకూడదు. గజపతి, రాయగడ కొండల్లో సిగ్నలు అందని మడతలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఫోను సిగ్నలు కోసం వెతుకుతూ వెతుకుతూ బ్యాటరీ హరించుకుంటుంది గనుక, విమానపు మోడ్‌లో పెట్టుకోవడం మేలు. పటాన్ని ముందే ఫోనులోకి దించుకుంటే, సిగ్నలు లేకపోయినా ఉపగ్రహాల సాయంతో మనమున్న చోటు చూపిస్తుంది. తెర లేని సెలవు అంటే ఫోను లేని సెలవు కానక్కరలేదని నేను అనడానికి ఇదే కారణం. డబ్బాలోని అయిదు ఫోన్లలో నాలుగు ఇంటి బీరువాలో ఉండి ఉంటే, మా మొదటి ప్రయాణం మరోలా సాగేది.

చీకటి నేర్పే చోట్లు

ఏ చోటికి వెళ్ళాలన్నది అందానికి సంబంధించిన ప్రశ్నగా చూస్తాం. తెర లేని సెలవుకు మాత్రం మరొక కొలత పెట్టుకోవాలి: అక్కడ ఫోను ఉన్నవాడికన్నా లేనివాడికి ఎక్కువ కనిపించాలి. మన సరిహద్దు జిల్లాల్లో అలాంటి చోట్లు కొన్ని నిజంగా ఉన్నాయి.

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు వచ్చాయి. సుమారు ఒకటిన్నర నెలకు ఇసుక కదిలి, బొటనవేలంత పిల్లలు రాత్రివేళ బయటికి వస్తాయి. చీకటి తీరంలో అన్నింటికన్నా వెలుగుగా ఉండేది సముద్రం మీది ఆకాశం. ఆ వెలుగు వైపు పాకడమే వాటికి తెలుసు. ఊరి వైపు దీపం కనిపిస్తే అవి అటు తిరిగి, దారి తప్పి, తెల్లవారి ఎండకో కాకులకో బలైపోతాయి. అందుకే ఆ కాలంలో తీరం వెంబడి దీపాలు తగ్గిస్తారు, ఫ్లాష్ వేయడం తగదు. చూడాలంటే అటవీశాఖ అనుమతితో, వారు చెప్పిన దూరంలో, చీకట్లో నిలబడాలి. ఇక్కడ పిల్లలకు ఫోను ఎందుకు తీయకూడదో పెద్దలు చెప్పనక్కరలేదు. కారణం వారి కాళ్ళ ముందే పాకుతూ ఉంటుంది. ఈ తీరపు మత్స్యకార పల్లెల్లో తెలుగు మాట్లాడే వాడబలిజ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారితో మాట కలిపితే తాబేలు గురించి, గాలి గురించి ఏ తెరా చెప్పనంత తెలుస్తుంది.

చిలికా సంగతి మరొకటి. వానాకాలంలో పెరిగి వేసవిలో తగ్గే ఈ సరస్సు విస్తీర్ణం స్థూలంగా 1,100 చదరపు కిలోమీటర్లు. 1981లో మన దేశం నుంచి, ప్రపంచ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో చేరిన మొదటి రెండు చిత్తడి నేలల్లో ఇది ఒకటి. గంజాం వైపున రంభ ఒడ్డు మనకు దగ్గర. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరదేశాల పక్షులు లక్షల్లో వచ్చి వాలుతాయి. సతపడ వైపు వెళ్తే ఇరావతి డాల్ఫిన్లు కనిపిస్తాయి. ఈ డాల్ఫిన్ సముద్రపు డాల్ఫిన్‌లా గాలిలోకి ఎగిరి పడదు. మొద్దు ముఖాన్ని, చిన్న వీపు రెక్కను ఒకటి రెండు క్షణాలు నీటి పైకి చూపి మునిగిపోతుంది. పడవలో ఫోను ఎత్తి పట్టుకున్నవారు తెరలో నీళ్ళను వెతుకుతుండగానే అది అయిపోతుంది. కళ్ళు తెరిచి ఊరికే కూర్చున్నవారికి మూడుసార్లలో ఒకసారైనా కనబడుతుంది. బరంపురం నుంచి ఖుర్దా వైపు రైలెక్కితే రంభ దాటాక పట్టాలు సరస్సు ఒడ్డు వెంటే సాగుతాయి. కిటికీ పక్క సీటు ఎవరిదన్న తగవు పిల్లల మధ్య రావడానికి ఆ అరగంట చాలు.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం దగ్గర భీముడి పేర, కుంతి పేర, ధర్మరాజు పేర ప్రాచీన శిలాలయాలు ఉన్నాయి. ఇక్కడి గోకర్ణేశ్వరుడు తూర్పు గంగరాజుల కులదైవం. శివరాత్రికి జనం పోటెత్తుతారు, కుటుంబంతో ప్రశాంతంగా గడపాలంటే ఆ రోజు తప్పించి వెళ్ళాలి. కొండ దిగువ పల్లె దగ్గర, కరెంటు దీపాలు దూరంగా ఉన్న చోట, శీతాకాలపు అమావాస్య రాత్రిని పిల్లలకు చూపించడం నా దృష్టిలో ఈ ప్రాంతం ఇవ్వగల అతి పెద్ద కానుక. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలుగు చూస్తే అదంతా పోయి మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ మాట ముందే చెప్పి ఆరుబయట చాప పరిస్తే చాలు. అరగంట తరువాత, నడినెత్తిన పిల్లలకోడి అని మన పల్లెల్లో పిలిచే కృత్తికల్లో ఒక్కొక్క చుక్కా లెక్కకు వస్తుంది. ఉత్తరాన ధ్రువుణ్ణి వెతకడానికి ఒక తేలికైన కొలత ఉంది. చాచిన చేతి పిడికిలి వెడల్పు ఇంచుమించు పది డిగ్రీలు. మహేంద్రగిరి అక్షాంశం 19 డిగ్రీలకు చేరువ గనుక, దిగంతం మీద పిడికిలిపై పిడికిలి పెడితే ధ్రువుడు దాదాపు అక్కడే ఉంటాడు. తెల్లవారుజామున లేపితే అటువైపే సప్తర్షులు కనిపిస్తారు. కథ చెప్పడానికి మామ్మో తాతో పక్కన ఉంటే, ఆ రాత్రికి ఇంకేమీ అక్కరలేదు. మా పిల్లల చేత వాళ్ళ మామ్మ విప్పించిన పొడుపు కథ అలాంటి చీకట్లోనే విన్నాను: కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు. జవాబు కనురెప్పలు.

మిగిలిన చోట్లను క్లుప్తంగా చెబుతాను. ఆస్కా వైపు భేట్నోయి, బలిపదర్ పల్లెల్లో కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. అవి మేసిన పొలానికి మేలు జరుగుతుందని నమ్మి ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు. చంద్రగిరిలో టిబెట్ శరణార్థుల పల్లెలు, జిరంగ్‌లో వారి మఠం ఉన్నాయి. కొరాపుట్ వైపు వెళ్ళగలిగినవారికి 1,672 మీటర్ల దేవమాలి ఉంది, ఒడిశాలో అదే అన్నింటికన్నా ఎత్తు.

దారి అడగడం

ఈ సరిహద్దులో ఫోను పటం మన పిల్లల దగ్గరి నుంచి తీసుకున్నది ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు గనుక కొంత నిలిచి చెప్పాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు. తెలుగు చదవడం చాలామందికి రాదు. పరాయి ఊళ్ళో అపరిచితులను ఒడియాలో పలకరించడానికి కూడా జంకుతారు. దారి చెప్పడానికి పటం ఉన్నంతకాలం ఈ రెండు లోపాలూ బయటపడవు. పటం లేనప్పుడు పిల్లవాడు బస్సు బోర్డు చదవాలి, మైలురాయి చదవాలి, రాష్ట్రం మారగానే లిపి మారడం గమనించాలి, నాగలి భుజాన వేసుకుని వస్తున్న ముసలాయన్ను మర్యాదగా ఆపి అడగాలి. తెలుగు ‘బాట’ ఒడియాలోనూ బాటే. అంతమాత్రం తెలిసిన పిల్లకు సగం ధైర్యం వస్తుంది. చోట్ల పేర్లు కూడా పొడుపు కథల్లా విప్పుకోవచ్చు. తప్తపాణి అంటే వేడినీరు, అక్కడ ఉన్నది వేడినీటి బుగ్గ. రాయగడ దగ్గర నాగావళిలోని హాతీపథర్ అంటే ఏనుగు రాయి, చూస్తే ఏనుగులు పడుకున్నట్టే ఉంటుంది. గుణుపురం పక్కన పారే వంశధారే శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని తెలిసిన పిల్లకు, అమ్మమ్మ ఊరి ఏరూ ఈ కొండ ఏరూ ఒకటేనని అర్థమవుతుంది.

పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ కొండల్లోనే సవర భాష విని, నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ కూర్చారు. ఆ తిరుగుళ్ళలో వచ్చిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. ఎదుటివారి మాట వినడానికి కొండకు పోయిన మనిషి మన ఊరివాడే అని పిల్లలకు చెప్పుకోవడం నాకు గర్వం. సంతలో ఒక సవర అవ్వ దగ్గర చింతపండో అడవి తేనో కొంటూ, ఆమె భాషలో ఒక్క మాటైనా అడిగి నేర్చుకుని నోటుపుస్తకంలో రాసుకుంటే ఆ రోజుకు అది చాలు. అయితే అనుమతి లేకుండా ఆమె ఫొటో తీయకూడదన్నది కూడా అదే పాఠంలో భాగం. కొండవాసుల సంతను బొమ్మల కొలువులా చూసే యాత్రికుల తీరు నన్ను బాధిస్తుంది.

జాగ్రత్తలు

బయట గడిపే సెలవుకు అపాయం ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పడం తప్పు. మార్చి దాటాక పగటి ఎండలో కొండ నడక వద్దు. దక్షిణ ఒడిశా కొండ జిల్లాలు మలేరియాకు పేరుపడినవి గనుక దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి, తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే రక్తపరీక్షలో ఆలస్యం చేయకూడదు. జలపాతాల దగ్గర, నాగావళి రాళ్ళ మీద నాచు పట్టిన చోట పిల్లల చేయి వదలకూడదు. ఎగువన వాన పడితే దిగువన నీరు క్షణాల్లో పెరుగుతుంది. ఉరుము వినబడితే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద, పడవలో ఉండకూడదు. లఖరి లోయ వంటి చోట్ల ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడ్డాక ఆ దారులు మానాలి. పడవ ఎక్కేటప్పుడు తేలియాడే జాకెట్టు ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు, లేకపోతే ఎక్కకూడదు.

నిరుడు డిసెంబరులో రంభకు వెళ్ళినప్పుడు మాతో వచ్చింది ఒక్క ఫోను, అది మా అన్నయ్య చేతిలో ఉంది. మూడు రోజుల్లో అది అయిదుసార్లు తెరుచుకుంది. బస చేసిన చోటికి చేరామని ఇంటికి చెప్పడానికి ఒకసారి, ఆఫీసు ఉత్తరాలు చూసుకోవడానికి రోజుకు ఒకసారి చొప్పున మూడుసార్లు. అయిదోది మూడో రోజు సాయంత్రం. పొగమంచులో పడవ రేవు ఎటో తెలియక మేము చూస్తుంటే, అన్నయ్య పటం తెరిచేలోపే మా చిన్నమ్మాయి ఒడ్డున వల దులుపుతున్న ఒకాయన దగ్గరికి వెళ్ళి ఒడియాలో అడిగింది. ఆయన తెలుగులో జవాబు చెప్పాడు.